బెంగళూరు నుంచి ఎదురు బస్సులో

2018 ఆగస్టులో, మఖ కార్తె నడుస్తుండగా, మా ఊరి రామాలయం అరుగు మీద చాప పరచుకుని, వానల కోసం ఐదు రాత్రులు విరాటపర్వం చదివినవాణ్ణి నేను. అంతకు ముందు ఇరవై ఏళ్ళుగా నాస్తికుణ్ణని చెప్పుకుంటూ, బెంగళూరులో కొన్న ఫ్లాటుకు గృహప్రవేశం చేయించడానికి ఒప్పుకోక మా అమ్మతో ఆరు నెలలు మాటలు పోగొట్టుకున్నవాణ్ణి కూడా నేనే. ఊళ్ళో పద్యం తప్పు లేకుండా చదవగలిగిన పెద్దాయన ఆ ఏడు పక్షవాతంతో మంచాన పడ్డాడు. పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివి, బడిలో పద్యాలు అప్పజెప్పి బహుమతులు తెచ్చుకున్న పిల్లవాడిగా నన్ను గుర్తుపెట్టుకున్న మా చిన్నాయన, నన్ను ఒక్క మాటైనా అడగకుండా, నా పేరు చెప్పి వచ్చాడు. కాదనడానికి నా దగ్గర బోలెడన్ని వాదాలు ఉన్నాయి. అవన్నీ బెంగళూరులో పదేపదే వాడి నునుపుదేరినవే. అయితే అప్పటికి మా చేలో వేరుశనగ మొక్కలు పూట గడవకముందే ఆకులు ముడుచుకుంటున్నాయి. జూలైలో ఒక్క పదునుకు విత్తిన తరువాత ముప్పై ఎనిమిది రోజులుగా నేల తడవలేదు. రామాలయం ముందు కూర్చున్న నలభై మందిదీ అదే పరిస్థితి. వాళ్ళ ఎదుట నిలబడి హేతువాదం వినిపించే మొహం నాకు లేకపోయింది.

మాది కదిరి ప్రాంతం. అప్పటికి అది అనంతపురం జిల్లా. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడదీసినప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. ఏడాదికి సగటున దాదాపు 550 మిల్లీమీటర్ల వర్షం పడే నేల మాది, అది కూడా పడవలసిన నాడు పడితేనే. పద్నాలుగేళ్ళు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేసి, నాన్న పోయిన తరువాత తొమ్మిది ఎకరాలు బీడు పడిపోతున్నాయని, నగరంలో బతుకు విసుగెత్తిందని, అంతకంటే ముఖ్యంగా నేను చదివిన ప్రకృతి సేద్యాన్ని చేసి చూపించాలన్న పట్టుదలతో, 2018 మే నెలలో ఊరికి వచ్చాను. నగరం వదిలి పల్లెకు వెళ్ళామని రాసేవాళ్ళు చాలామంది ఒక విషయాన్ని దాచిపెడతారు కాబట్టి నేను ముందే చెబుతాను: నా భార్య బెంగళూరులో తన ఉద్యోగాన్ని మానలేదు. మొదటి మూడేళ్ళు మా కుటుంబం తిన్నది ఆమె జీతమే. నా నమ్మకాలు మారాయని నేను తీరిగ్గా కూర్చుని రాయగలుగుతున్నానంటే ఆ జీతం వల్లనే. ఊళ్ళో మిగతావాళ్ళకు ఆ వీలు లేదు.

విరాటపర్వానికీ వానకూ సంబంధం ఏమిటని నేను మొదటి రాత్రే అడిగాను. ధర్మరాజు ఉన్న చోట వానలు వేళకు కురుస్తాయని, పంటలు పండుతాయని, దాన్ని బట్టి అజ్ఞాతవాసంలో ఉన్న పాండవుల జాడ పట్టవచ్చునని భీష్ముడు చెప్పే ఘట్టం ఆ పర్వంలో ఉంది. అందుకని చదువుతారని చెప్పారు. రాత్రికి ఒక ఆశ్వాసం చొప్పున ఐదు ఆశ్వాసాలూ పూర్తి చేశాను. అర్థం చెప్పమని అడిగిన చోట ఆగి చెప్పాను. కీచకుడి వధ దగ్గర ఆడవాళ్ళు మరొకసారి చదవమన్నారు. పారాయణ ముగిసిన పదకొండో నాడు మట్టి పైపొర మాత్రమే తడిసేంత జల్లు పడింది. అది పారాయణ ఫలమేనని కొందరు అన్నప్పుడు నాకు చిరాకు వచ్చి చిన్నాయన వైపు చూస్తే, ఆయన బీడీ ఆర్పుతూ, ‘పదకొండు దినాలకు యాడన్నా పడుతుంది లేప్పా’ అన్నాడు. ఊళ్ళో అందరూ మూఢంగా నమ్ముతారనీ, ఒక్క నేనే ఆలోచిస్తాననీ ఇన్నేళ్ళూ అనుకున్న నాకు ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. నన్ను చదవమని ఇరికించిన మనిషికి, పారాయణతో వాన వస్తుందన్న నమ్మకం నాకంటే పెద్దగా ఏమీ లేదు.

ఆ ఐదు రాత్రుల్లో జరిగిన మరొక పని నాకు ఆలస్యంగా అర్థమయింది. చదవడం అయిపోయాక ఎవరూ వెంటనే ఇళ్ళకు పోలేదు. బోరు తగాదాతో రెండేళ్ళుగా పలకరించుకోని అన్నదమ్ములు ఒకే చాప మీద కూర్చున్నారు. ఎండిన వేరుశనగను దున్నేసి, ఆఖరి తడి దొరికితే ఉలవలు చల్లడం మేలని, విత్తనాలు ఎవరికి వారు కాకుండా కలిసి తెప్పిద్దామని, పశువులకు వరిగడ్డి లారీ ఒకటి మాట్లాడదామని మూడో రాత్రి తేలింది. ప్రార్థనకు ఫలితం ఉంటుందని నేను ఈనాటికీ నమ్మను. కానీ ఒక ఆచారాన్ని అది చెప్పే కారణాన్ని బట్టి మాత్రమే తూచి, తేలిపోయింది కాబట్టి పారేయమనడం అప్పటి నుంచి మానుకున్నాను.

కార్తెల విషయంలో నా తప్పు ఇంకా పెద్దది. మృగశిర, ఆరుద్ర, పునర్వసు అని చిన్నాయన లెక్కలు వేస్తుంటే, అది పంచాంగాల పిచ్చి అనీ, ఉపగ్రహ చిత్రాలు ఫోనులో చూసుకోగలిగిన కాలంలో నక్షత్రాలతో పనేమిటనీ నేను నవ్వాను. సంవత్సరం తిరిగేసరికి నాకు తట్టిన సంగతి ఏమిటంటే, పండుగల తిథులు చంద్రుణ్ణి బట్టి నడుస్తాయి కాబట్టి ఏటేటా తేదీలు మారుతుంటాయి గానీ, కార్తెలు సూర్యుణ్ణి బట్టి నడుస్తాయి. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులు ఒక కార్తె. ఏడాదికి ఇరవై ఏడు కార్తెలు. మృగశిర ఏటా జూన్ 7, 8 తేదీలకే వస్తుంది, మఖ ఆగస్టు మూడో వారంలోనే, ఉత్తర సెప్టెంబరు 13 ప్రాంతంలోనే. ఋతువులు సూర్యుడితో నడిచేవి కాబట్టి వానను, విత్తనాన్ని, పురుగును గుర్తుపెట్టుకోవడానికి, అక్షరం రానివాళ్ళు కూడా నోట మోయగలిగిన సౌర క్యాలెండరు అది. నెలకు రెండు భాగాలుగా ఉండడం వల్ల, సేద్యానికి ఇంగ్లీషు నెలల కంటే అది అనువైనది కూడా. దాన్ని నేను జాతకాల గంపలో వేసి పక్కన పెట్టాను. హేతువాదినని చెప్పుకునేవాడు పరిశీలించకుండా కొట్టిపారేయడం కంటే సిగ్గుచేటు ఏముంటుంది?

ఇక్కడే ఒక మాట చెప్పాలి. లేకపోతే నేను పల్లె వివేకానికి భజన చేస్తున్నానని అనుకోవచ్చు. బోరు వేయడానికి అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచే మనిషిని చిన్నాయన తన జీవితంలో ఐదుసార్లు పిలిపించాడు. కాయ నిలువుగా లేచిన చోట బోరు వేస్తే నాలుగుసార్లు దుమ్ము వచ్చింది, ఒకసారి ఇంచున్నర నీళ్ళు పడ్డాయి. ఆయన చెప్పేది ఎప్పుడూ ఆ ఐదో బోరు కథే. ఆ నాలుగింటి అప్పు మాత్రం ఇంకా వడ్డీ లాగుతోంది. అడుగుకు ఇంత అని లెక్కకట్టి తొమ్మిది వందల అడుగులు దించే రోజుల్లో, ఇలాంటి నమ్మకాన్ని నమ్మినవాడి పిల్లలు కూడా మోయవలసి వస్తుంది. నా హేతువాదం పల్లెలో సడలిపోలేదు. ఈ విషయంలో అది ముందుకంటే గట్టిపడింది, నగరంలో లేని కోపం కూడా దానికి తోడైంది.

ఉత్తర కార్తెకు తిరిగి వస్తాను. ‘ఉత్తర చూసి ఎత్తర గంప’ అన్న సామెతను చిన్నప్పుడు తెలుగు వాచకంలోని ప్రాసగానే తెలుసు. 2018 సెప్టెంబరులో కదిరి బస్టాండులో రాత్రి పదిన్నరకు దాని అర్థం కళ్ళారా చూశాను. నేను బెంగళూరులో భార్యాబిడ్డలను చూసి తిరిగి వస్తూ బస్సు దిగాను. నేను దిగిన, తిరిగి బెంగళూరు వెళ్ళే ఆ బస్సు వైపే, మూటలు, బకెట్లు, గ్యాసు స్టవ్వు, నిద్రపోతున్న పిల్లలతో మా మండలం వాళ్ళు పదిహేను మంది పరుగెత్తుకుంటూ వచ్చారు. ఉత్తరలోనూ వాన లేకపోతే ఇక పంట ఆశ వదిలి, గంప నెత్తిన పెట్టుకుని వలస పొమ్మని ఆ సామెత చెబుతుంది. మా బెంగళూరు అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌ది ముదిగుబ్బ దగ్గర పల్లె. ఎనిమిదేళ్ళు రోజూ నాకు గేటు తీశాడు. నగరం అవకాశాలు ఇస్తుంది, చొరవ ఉన్నవాడు వచ్చి అందుకుంటాడు అని నేను నమ్మేవాణ్ణి, ఆ నమ్మకానికి ఉదాహరణగా అతణ్ణే చెప్పేవాణ్ణి. ఏ కార్తెలో బయలుదేరి వచ్చావని ఒక్కనాడూ అడగలేదు, అడగాలని తెలియదు కూడా.

కష్టపడితే ఫలితం ఉంటుందన్నది నాకు దేవుడి స్థానంలో ఉన్న నమ్మకం. మధ్యతరగతి చదువు, నెలనెలా ఒకటో తేదీన పడే జీతం, ఏడాదికోసారి పెరుగుదల కలిసి దాన్ని నాలో స్థాపించాయి. 2014లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కుటుంబానికి లక్షన్నర వరకు పంట రుణాల మాఫీ ప్రకటించినప్పుడు, మా ఆఫీసు క్యాంటీన్‌లో భోజనాల బల్ల దగ్గర, ఇది సోమరులను పోషించడమేనని, నా పన్ను డబ్బు నన్ను అడగకుండా పంచుతున్నారని గొంతు చించుకున్నాను. నా ఎదుట కూర్చున్న ప్రకాశం జిల్లా మిత్రుడు, తండ్రి పొగాకు రైతు, ఒక్క మాట మాట్లాడకుండా పెరుగన్నం ముగించి లేచిపోయాడు. 2018లో నేను ఆరెకరాలకు విత్తనం, దున్నకం, కలుపు కూలీలు అన్నీ కలిపి ఎనభై నాలుగు వేలు ఖర్చు పెట్టాను. పొద్దున ఐదింటికి లేచి చీకటి పడేదాకా చేలో ఉన్నాను. ఉద్యోగంలో ఏ ఏడాదీ అంత కష్టపడలేదు. దక్కింది ఐదు మూటల కాయలు, పశువుల మేతకు కొంచెం కట్టె. మా పక్క చేనాయన విత్తిన తరువాత ఒక్కసారి కూడా కలుపు తీయలేదు, ఆయనకు నాలుగున్నర మూటలు దక్కాయి. ఆ అర మూట తేడా నా కష్టానికి వచ్చిన కూలి.

మరుసటి ఏడు పెట్టుబడికి నా భార్య గాజులు బ్యాంకులో పెట్టి పంట రుణం తీసుకున్నాను. ఫారం మీద సంతకం పెడుతున్నప్పుడు క్యాంటీన్ బల్ల గుర్తుకు వచ్చింది. 2019లో పీఎం కిసాన్ రెండు వేలు ఖాతాలో పడినప్పుడు, సిద్ధాంతం ప్రకారం వెనక్కి పంపవలసినవాణ్ణి, ఆ డబ్బుతో డీజిల్ పోయించాను. మాఫీలు మంచివా కావా అన్న చర్చకు ఇప్పటికీ నా దగ్గర సూటి జవాబు లేదు. కౌలుకు చేసేవాడికి అవి చేరకపోవడాన్ని, పట్టా ఉండి బెంగళూరులో కూర్చున్న నాలాంటివాడికి చేరడాన్ని చూశాను కాబట్టి సందేహాలు ఇంకా పెరిగాయి. అయితే సోమరులు అన్న మాట మళ్ళీ నా నోటి నుంచి రాలేదు. ఆ మిత్రుడికి ఫోను చేసి చెప్పాను. ‘ఇప్పుడు చెబితే ఏం లాభం, ఆ రోజు అన్నం అరగలేదు నాకు’ అన్నాడు.

అసలు నేను వచ్చింది దేని కోసమో, ఆ ప్రకృతి సేద్యం సంగతి ఇప్పుడు చెబుతాను. 2016 నుంచి మన రాష్ట్ర ప్రభుత్వమే రైతు సాధికార సంస్థ ద్వారా దాన్ని ప్రోత్సహిస్తోంది. సుభాష్ పాలేకర్ చెప్పిన పద్ధతిలో రెండు వందల లీటర్ల నీళ్ళలో పది కిలోల పేడ, ఆవు పంచకం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గట్టు మీది గుప్పెడు మట్టి కలిపి, నీడన పులియబెట్టి జీవామృతం చేయడం నేను వీడియోలు చూసి నేర్చుకుని వచ్చాను. పెట్టుబడి లేని సేద్యం అని ఆ పద్ధతికి ఉన్న పేరు మాత్రం నాటు ఆవును కొన్న రోజే నా దృష్టిలో పోయింది. సంచిలో వచ్చేది ఏదైనా విషమే అన్నది నా సూత్రం. ఆ సూత్రానికి ఒక పునాది ఉంది: చిన్నప్పుడు మా నాన్న పురుగుమందును ఒట్టి చేత్తో కలిపి, చేలోనే వాంతులు చేసుకుని పడిపోతే, మంచం మీద వేసుకుని రోడ్డు దాకా మోశారు. ఆ వాసన నాకు ఇంకా గుర్తుంది. అందుకే వేరుశనగ పూత మీద ఉండగా, చిన్నాయన తన మూడెకరాలకు ఎకరాకు రెండు వందల కిలోల జిప్సం మొక్కల మొదళ్ళలో వేయించి, నా చేనుకూ నాలుగు సంచులు మిగిల్చి పెట్టినప్పుడు, వాటిని ముట్టుకోనని తెగేసి చెప్పాను.

అది 2019. ఆ ఏడు వానలు ఆలస్యంగా వచ్చినా సెప్టెంబరులో బాగా పడ్డాయి. రెండు చేలూ పచ్చగానే ఉన్నాయి. నా చేను ఇంకా ఏపుగా ఉందని దారిన పోయేవాళ్ళు అన్నప్పుడల్లా ఫొటోలు తీసి బెంగళూరుకు పంపాను. పెరికి చూస్తే నా కాయల్లో మూడోవంతు లొట్టలు. పైన పెంకు పెద్దదే, లోపల పప్పు లేదు. చిన్నాయన కాయలు చేతిలో గలగలలాడాయి. వేరుశనగ పూలు పైన పూసి, ఊడలు నేలలోకి దిగి, అక్కడ కాయ కడుతుంది. ఆ కాయ తనకు కావలసిన కాల్షియాన్ని వేళ్ళ నుంచి తెచ్చుకోదు, తన చుట్టూ ఉన్న మట్టి నుంచి పెంకు ద్వారా నేరుగా పీల్చుకుంటుంది. జిప్సం వేసేది అందుకే. అది గనుల్లో దొరికే ఖనిజం, సేంద్రియ సేద్యపు నియమాలు కూడా దాన్ని అనుమతిస్తాయి. ఇవన్నీ తరువాత తెలుసుకున్నాను. నేను కాదన్నది విషాన్ని కాదు, ఒక ప్లాస్టిక్ సంచిని చూసి కాదన్నాను.

ఇదే పొరపాటు తిరగేసి మరొకటి చేశాను. మా చేల చుట్టూ నాలుగు సాళ్ళు జొన్న ఒత్తుగా విత్తడం చూసి, ఇది మన తాతముత్తాతల జ్ఞానం, కంపెనీలు మనకు దూరం చేసిన వివేకం అని ఫేసుబుక్కులో పొడుగాటి వ్యాసం రాశాను. మూడు వందల మంది మెచ్చుకున్నారు. ఒక సాయంత్రం గర్వంగా చిన్నాయనకు చదివి వినిపిస్తే, ఆయన నవ్వాపుకోలేకపోయాడు. ‘తాతలు ఏసిరని నీకెవురు చెప్పిరి నాయనా? రెండువేల సంవత్సరంలో చేనంతా మాడిపాయ. అప్పుడు పెద్ద సదువులు సదివినోళ్ళు వచ్చి ఇట్ల ఏయమనిరి. ఏస్తాండాం.’ 2000లో కాండం కుళ్ళు వైరస్ తెగులు అనంతపురం జిల్లా వేరుశనగను లక్షల ఎకరాల్లో దెబ్బ తీసింది. గట్ల మీది వయ్యారిభామ మొక్కల నుంచి తామర పురుగుల ద్వారా అది చేలోకి వస్తుందని శాస్త్రవేత్తలు కనుక్కుని, ఆ పురుగులను అడ్డుకోవడానికి చుట్టూ జొన్నో సజ్జో గోడలా వేయమని చెప్పారు. నేను నక్షత్రాల పిచ్చి అన్నది క్యాలెండరు అయింది, తాతల జ్ఞానం అన్నది ప్రయోగశాల నుంచి వచ్చింది. పాతది, కొత్తది, సహజం, కృత్రిమం అని నేను పెట్టుకున్న అరలలో ఏ వస్తువూ తన అరలో ఉండలేదు.

జీవామృతాన్ని నేను మానలేదు. వానలకు ముందే నవధాన్యాలు చల్లి నేలను కప్పి ఉంచడం వల్ల నా మట్టి మెత్తబడిందని గుంటక తోలేవాడే చెబుతాడు. పురుగుమందు ఈనాటికీ కొట్టలేదు. జిప్సం మాత్రం వేస్తాను. ఇలా చేస్తే రెండు వర్గాలకూ పనికిరానివాణ్ణి అవుతున్నాను. ప్రకృతి సేద్యం వాట్సాప్ బృందంలో జిప్సం మాట ఎత్తినందుకు నన్ను ఒకరు తొలగించారు, మందుల దుకాణాయన నన్ను చూసి బెల్లం సామి అంటాడు.

2020 గురించి రెండు మాటలు. ఆ ఏడు జూన్‌లోనే మంచి పదును దొరికింది. లాక్‌డౌన్ వల్ల నా భార్యా కూతురూ ఊళ్ళోనే ఉన్నారు. మొక్కకు ముప్పై కాయలు లెక్కపెట్టి నా కూతురు గోడ మీద బొగ్గుతో రాసింది. పెరికి సాళ్ళ మీద ఆరవేసిన మరునాటి నుంచి తొమ్మిది రోజులు వాన ఆగలేదు. మేము వేసే కె-6 రకానికి నిద్రావస్థ లేదు, తడి తగిలితే కాయ లోపలి గింజ వెంటనే మొలకెత్తుతుంది. కట్టె నల్లబడింది, కాయలు కళ్ళ ముందే మొలిచాయి. మద్దతు ధర క్వింటాలుకు 5,275 రూపాయలు ఉన్న ఆ సంవత్సరం, మా కాయలను వ్యాపారి అందులో సగం ధరకు కూడా అయిష్టంగా తీసుకున్నాడు. విరాటపర్వం చదివిన వాణ్ణే ఆ తొమ్మిది రాత్రులు వాన ఆగాలని మొక్కాను. ఎవరికి మొక్కానో నాకు తెలియదు. గదిలో ఎవరూ లేరు, నన్ను నమ్మించవలసిన వాళ్ళూ లేరు, అయినా మొక్కాను. దీన్ని నా నాస్తికత్వపు లెక్కలో ఎక్కడ రాసుకోవాలో తేలక అలాగే వదిలేశాను.

పాల విషయం క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అది తలచుకోవడం నాకు ఇష్టం లేదు. నేను శాకాహారిని, పాలు పెరుగు హింస లేని ఆహారమని నమ్మి, మాంసం తినే సహోద్యోగులకు ఉపన్యాసాలు ఇచ్చినవాణ్ణి. ఇంటి పాలకు కొన్న జెర్సీ ఆవు కోడెదూడను వేసింది. ట్రాక్టరు వచ్చాక కోడెతో ఎవరికీ పని లేదు, ఆ ఏడు గడ్డీ లేదు. ఏడో నెలలో చిన్నాయన దాన్ని సంతకు తోలుకుపోయి డబ్బు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఎవరు కొన్నారని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ రాత్రి పెరుగన్నం తిన్నాను. ఇప్పటికీ శాకాహారినే, ఉపన్యాసం మాత్రం ఇవ్వలేను.

అన్నిటికంటే ఆలస్యంగా కదిలిన నమ్మకం, నాకు కులం లేదన్నది. బెంగళూరులో ఎవరి కులం ఏమిటో నేను అడగలేదు, నన్నూ ఎవరూ అడగలేదు. కాబట్టి కులం పోయిందని, మిగిలి ఉంటే అది పల్లెల్లో, రాజకీయాల్లో మాత్రమేనని అనుకున్నాను. మేము అద్దెకు ఉన్న మొదటి ఇంటి యజమాని శాకాహారులకే ఇస్తానని అన్నప్పుడు, అడగకుండా అడగడం అంటే అదేనని నాకు తోచలేదు. ఊళ్ళో మా చేలో కలుపు తీయడానికి వచ్చే ముఠాకు మేస్త్రీగా ఉండే ఆమె ఎస్సీ కాలనీ నుంచి వస్తుంది. నాకంటే పదేళ్ళు పెద్దది, వేరుశనగలో ఏ తెగులు ఎప్పుడు వస్తుందో వ్యవసాయ అధికారి కంటే ముందు చెప్పగలదు. మొదటి రోజు నేను అక్కా అని పిలిస్తే ఆమె ఇబ్బందిపడి, ‘అట్ల పిలవద్దు సామీ, మీ ఇంట్లో వాళ్ళు ఏమన్నా అనుకుంటారు’ అంది. నేను నవ్వేసి, అలాగే పిలుస్తూ వచ్చాను, అదేదో ఘనకార్యం అయినట్టు.

మా పెరటి గోడకు ఒక మేకు ఉంది. దాని పక్కన గూట్లో ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉంటుంది. నేను పుట్టినప్పటి నుంచీ అది అక్కడే ఉంది. అది ఎవరిదో నాకు తెలుసు. తెలిసిన సంగతి నాకు తెలియనట్టు నలభై ఏళ్ళు గడిపాను. ఊరికి వచ్చిన రెండేళ్ళ దాకా, ఆమె కాఫీ తాగి, గ్లాసు తానే కడిగి, ఆ గూట్లో బోర్లించి పోవడాన్ని రోజూ చూస్తూనే, జీవామృతం గురించి, రుణమాఫీ గురించి, నా అభిప్రాయాల మార్పు గురించి డైరీ రాసుకున్నాను. నష్టం వచ్చినప్పుడు మాత్రమే నా నమ్మకాలు కదిలాయి. ఈ గ్లాసు వల్ల నాకు నష్టం ఏమీ లేదు, నష్టమంతా ఆమెది. దాన్ని నాకు చూపించింది కూడా నేను కాదు. 2020లో ఊళ్ళో ఉన్నప్పుడు నా కూతురు, అప్పటికి తొమ్మిదేళ్ళది, ఆ గ్లాసులో నీళ్ళు ముంచుకుని తాగితే మా చిన్నమ్మ కేక వేసింది. ఎందుకు అని పిల్ల నన్ను అడిగింది. నేను పిల్లకు కార్తెల గురించి గంటసేపు చెప్పగలను, దీనికి నోరు పెగల్లేదు.

ఆ వారమే కదిరికి పోయి ఒకే రకం స్టీలు గ్లాసులు పన్నెండు కొనుక్కొచ్చాను. గూట్లో గ్లాసును పాత సామాన్ల వాడికి వేశాను. ఇంట్లో అందరికీ, పనికి వచ్చినవాళ్ళకీ ఇవే అని చెప్పాను. చిన్నమ్మ ఏమీ అనలేదు. మా నాన్న పోయినప్పుడు మా అమ్మను కడుపులో పెట్టుకుని చూసిన మనిషి ఆమె. ఆమెతో పోట్లాడే ధైర్యం నాకు లేదు, ఆ మాట ఒప్పుకుంటాను. నాలుగు రోజుల తరువాత గ్లాసులు కడుగుతుంటే ఒకదాని అడుగున ఎర్రటి చుక్క కనిపించింది, నా కూతురి గోళ్ళ రంగుతో ఎవరో పెట్టినది. మరునాటి నుంచి నేను వెతికి ఆ గ్లాసులోనే కాఫీ తాగడం మొదలుపెట్టాను. వారం తిరిగేసరికి మరొక గ్లాసుకు చుక్క వచ్చింది. దానిలో నా కూతురు తాగింది. అక్కకు ఈ సంగతంతా తెలుసు, మా అమాయకత్వానికి నవ్వుకుంటుంది, ఏడాదిగా కాఫీ మా ఇంట్లో మానేసి తన స్టీలు డబ్బాలో తానే తెచ్చుకుంటోంది. ప్రస్తుతం మా ఇంట్లో పన్నెండు గ్లాసులకు గాను ఏడింటి అడుగున ఎర్రచుక్క ఉంది.